వట్టి కాళ్ళు, పది గోళ్ళు

నేను ముప్పై మూడేళ్ళు డ్రిల్లు మేష్టారుగా పనిచేశాను. 1978లో చేరాను, 2011లో రిటైరయ్యాను. సర్వీసంతా మాచర్ల, గురజాల, నరసరావుపేట చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలోనే గడిచింది. ఏటా ఆటసామాన్ల స్టాకు రిజిస్టరు రాయాలి. అందులో ఫుట్‌బాలు అన్న పద్దుకెదురుగా 'రెండు' అని రాసింది నాకు గుర్తున్నంతవరకు మూడుసార్లు. మిగతా అన్నేళ్ళూ 'ఒకటి'. అదీ అతుకుల బ్లాడరుతో, తాడు తెగిన మూతితో. "ఇది పోతే నీ జీతంలో కోస్తా" అన్న హెడ్మాస్టరు దగ్గర కూడా పనిచేశాను.

మా నేల సంగతి పల్నాటివాళ్ళకు చెప్పనక్కర్లేదు. వానపడితే నల్లరేగడి బంక, ఎండితే నెర్రెలు, ఆ రెండూ లేనిచోట నాపరాయి. పిల్లలందరివీ వట్టి కాళ్ళే. వాళ్ళ నోట్లో గోల్ అన్న మాట గోలు, ఒకటి దాటితే గోళ్ళు. బంతిని తన్నబోయి రాయిని తన్నినవాడు కుంటుకుంటూ వచ్చి, "గోలు రాలేదు సార్, గోరు పోయింది" అని కాలు చూపించేవాడు. నవ్వుకుంటూ టింక్చరు పూసేవాణ్ణి. నవ్వేవాణ్ణే గాని, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక పాత లెక్క గుర్తొచ్చేది. మన దేశం ఒకే ఆటలో ఒక యూరపు జట్టు చేతిలో పది గోళ్ళు తిన్న లెక్క. ఆ రోజు మనవాళ్ళలోనూ చాలామందివి వట్టి కాళ్ళే.

2024 జూలై 14 రాత్రి, మన గడియారం ప్రకారం 15వ తేదీ పన్నెండున్నరకు, నరసరావుపేటలో మా ఇంట్లో టీవీ ముందు నేనూ మా మనవడూ కూర్చున్నాం. బెర్లిన్‌లో యూరో కప్పు ఫైనల్. స్పెయిన్, ఇంగ్లండు. స్పెయిన్ తరఫున లమీన్ యమాల్ అనే కుర్రాడు కుడివైపు నుంచి లోపలికి కోసుకొచ్చి మొదటి గోలుకు బంతి అందించాడు. వాడికి ముందురోజే పదిహేడు నిండాయి. మా హైస్కూల్లో అయితే ఆ వయసు పిల్లవాడు ఆట మానేసి రెండేళ్ళయి ఉంటుంది. మిరపతోటకో, పిడుగురాళ్ళ సున్నపు బట్టీకో, ఇంటర్ ట్యూషన్లకో పోయి ఉంటాడు. స్పెయిన్ 2-1తో గెలిచింది. వాళ్ళకిది నాలుగో కప్పు. మా మనవడు టీవీ కట్టేస్తూ, "మనోళ్ళు ఎప్పుడన్నా ఈ దేశాలతో ఆడారా తాతయ్యా?" అన్నాడు.

"ఆడార్రా. ఈ కప్పు పుట్టిన ఏడే ఆడారు. ఫ్రాన్సుని నిలబెట్టారు కూడా."

"ఊరుకో తాతయ్యా, కోతలు."

వాడి తప్పు లేదు. వాళ్ళ నాన్నకూ తెలియదు. ఆ రాత్రి నిద్రమత్తులో వాడికి చెప్పింది సగమే. మిగతాది ఇప్పుడు చెబుతాను.

యూరపు దేశాలన్నీ ఒక కప్పు పెట్టుకుని ఆడాలన్న ఆలోచన ఫ్రెంచి ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి ఆన్రీ దెలోనేది. 1927లోనే ప్రతిపాదన పెట్టాడు. దాదాపు ముప్పై ఏళ్ళు అది కదల్లేదు. 1954లో యూరపు దేశాల ఫుట్‌బాల్ సంఘం ఏర్పడితే దానికి మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. మరుసటేడు, 1955లో, కప్పు చూడకుండానే పోయాడు. పనిని కొడుకు పియేర్ అందుకున్నాడు. తండ్రి తవ్వకం మొదలుపెట్టిన బావిలో కొడుకు చేతిమీదుగా నీళ్ళు పడ్డాయి. అందుకే ఈనాటికీ ఆ కప్పుకు ఆన్రీ దెలోనే పేరే.

మొదట రమ్మంటే వచ్చినవి పదిహేడు దేశాలే. ఇంగ్లండు, ఇటలీ, పశ్చిమ జర్మనీ దూరంగా ఉన్నాయి. 1958 సెప్టెంబరు 28న మాస్కోలో సోవియట్ యూనియన్, హంగరీని 3-1తో ఓడించడంతో పోటీలు మొదలయ్యాయి. హంగరీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. అప్పటి పద్ధతి వేరు. ఒక ఆట మీ ఊళ్ళో, ఒక ఆట మా ఊళ్ళో ఆడి, మిగిలిన నాలుగు జట్లు మాత్రం ఒకచోట చేరేవి. స్పెయిన్‌కు సోవియట్ యూనియన్‌తో ఆట పడితే, కమ్యూనిస్టుల దేశానికి మా జట్టును పంపేది లేదని ఫ్రాంకో ప్రభుత్వం అడ్డుపడింది. సోవియట్ జట్టు ఆడకుండానే ముందుకు పోయింది.

ఆ నాలుగు జట్లూ 1960 జూలైలో ఫ్రాన్సులో చేరాయి. సెమీఫైనల్లో ఫ్రాన్సు తన గడ్డమీద యుగోస్లావియాపై 4-2తో ముందుండి, ఆఖర్న 5-4తో ఓడిపోయింది. ఇంటివాళ్ళు ఓడాక ఊరివాళ్ళకు తిరునాళ్ళ మీద మోజేముంటుంది? జూలై 10న పారిస్‌లో ఫైనల్ చూడ్డానికి వచ్చినవాళ్ళు 17,966 మంది. యుగోస్లావియా గాలిచ్ మొదట గోలు కొట్టాడు. సోవియట్ వాళ్ళకు మెత్రెవెలి సమం చేశాడు. అదనపు సమయంలో పొనెదెల్నిక్ తలతో కొట్టిన గోలుతో 2-1. గోల్‌లో నిలబడ్డవాడు యాషిన్. మొదటి యూరో కప్పు సోవియట్ యూనియన్‌ది.

నాకు మాత్రం గెలిచిన జట్టుకంటే ఓడిన జట్టు మీదే ఆసక్తి. యుగోస్లావియా అనే దేశం ఇప్పుడు పటంలో లేదు. కాని భారత ఫుట్‌బాల్ ఎంత ఎదిగిందో కొలవడానికి నా దగ్గరున్న గజంబద్ద అదే. మనకు పది గోళ్ళు కొట్టింది వాళ్ళే.

ఈ కథలో మనవైపు మనిషి కృష్ణకు అవతలివాడు. మాచర్ల దాటి నది దిగితే అవతలి ఒడ్డు నల్గొండ. మా నాన్న చిన్నతనంలో అది నైజాం, ఇది మద్రాసు. ఒక భాష, ఒక నది, రెండు రాజ్యాలు. ఫుట్‌బాలు అవతలి ఒడ్డున పెరిగింది. కంటోన్మెంటు ఉన్న సికింద్రాబాదు, పోలీసు పటాలాలు, బస్తీ మైదానాలు దానికి నీళ్ళుపోశాయి. సయ్యద్ అబ్దుల్ రహీం అక్కడ పుట్టాడు, 1909లో. ఉస్మానియాలో చదివాడు. బడిపంతులుగా చేశాడు, తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొందాడు. ఆయనంటే నాకు మొదట అభిమానం కలిగింది అందుకే, మావాడే కదా అని. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతికి తీసుకున్నాడు. ఆ ఏటినుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు ఐదుసార్లు వరసగా పోలీసులదే. కలకత్తావాళ్ళు తప్ప ఈ దేశంలో ఫుట్‌బాలు ఎవరికీ రాదనుకునే రోజులవి.

ఆయన నేర్పే తీరు నాకు 1976లో తెలిసింది. దోమలగూడ ప్రభుత్వ వ్యాయామ కళాశాలలో చదువుకుంటున్నాను. సాయంత్రాలు ఫతే మైదానం పక్కన చాయ్ బండి దగ్గర పాత ఆటగాళ్ళు చేరేవాళ్ళు. ఒక పెద్దాయన నా కాళ్ళు చూసి, "నీది కుడికాలు ఒక్కటే బతికుంది బేటా, ఎడమది కర్ర" అన్నాడు. రహీం సాబు ఎడమకాలితోనే తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టించేవాడట. కుడివాటం వాళ్ళకు ఎడమకాలు, ఎడమవాటం వాళ్ళకు కుడికాలు. ఇంకో రకం పోటీల్లో బంతిని కాలిదగ్గర ఆడించుకుంటూ పోవడం నిషిద్ధం, వచ్చింది వచ్చినట్టు పక్కవాడికి అందించాలి. చిన్నకాలువ తిప్పినట్టు బంతిని మడి మడికీ తిప్పడమన్నమాట. ఈ రెండు పద్ధతులూ నా సర్వీసంతా వాడుకున్నాను. ఖర్చులేని విద్య. బంతి ఒకటే ఉన్న బడికి ఇంతకన్నా సరిపోయే పాఠం లేదు.

ఇక లెక్క. 1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్స్. కోచ్ రహీం సాబే. మొదటి ఆటే యుగోస్లావియాతో. ఆ చలిదేశంలో తడినేల మీద మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా దిగారు. 1948లో లండన్‌లో ఫ్రాన్సుతో కూడా వట్టి కాళ్ళతోనే ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తోనే ఓడారు కాబట్టి, ఇప్పుడూ నెగ్గుకురావచ్చనుకున్నారేమో. యుగోస్లావియా 10, ఇండియా 1. బ్రాంకో జెబెత్స్ ఒక్కడే నాలుగు కొట్టాడు. తిరిగొచ్చాక మన సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. పదివేళ్ళకు పది గోళ్ళు పోతేగాని బూటు కాలికెక్కలేదు.

నాలుగేళ్ళు తిరిగాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కృష్ణకు రెండు ఒడ్లూ ఒక రాష్ట్రమయ్యాయి. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టింది. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు. ఆ జట్టులో హైదరాబాదువాళ్ళు ఎంతమంది! అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం. గోల్‌కీపర్ తంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే. 1953లో వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ముంచిన హంగరీ ఎత్తును రహీం సాబు మెల్‌బోర్న్‌లో వాడాడు. సెంటర్ ఫార్వర్డును కాస్త వెనక్కి లాగి ఆడించి, ఎదుటివాళ్ళు ఎవర్ని పట్టుకోవాలో తెలియకుండా చేశాడు.

సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు మనది. డిసౌజా కొట్టాడు. తర్వాత వాళ్ళు నాలుగు కొట్టి గెలిచారు, అది వేరే సంగతి. 10-1 కాస్తా నాలుగేళ్ళలో 4-1కి దిగింది. మూడో స్థానం ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే. అప్పుడు మెల్‌బోర్న్ వెళ్ళిన యుగోస్లావియా జట్టులో షెకులరాత్స్ ఉన్నాడు. 1960 జూలైలో పారిస్‌లో మొదటి యూరో కప్పు ఫైనల్ ఆడినవాళ్ళలోనూ ఉన్నాడు.

ఆ పారిస్ ఫైనల్ అయిన యాభయ్యో రోజున, 1960 ఆగస్టు 29న, ఇటలీలోని గ్రొస్సెతో అనే ఊళ్ళో రోమ్ ఒలింపిక్స్‌లో భాగంగా ఫ్రాన్సుతో మన ఆట. కెప్టెన్ పి.కె. బెనర్జీ గోలుతో మనం ముందున్నాం. ముగియడానికి కొద్ది నిమిషాలముందు ఫ్రాన్సు సమం చేసింది. 1-1. దానికి మూడురోజులముందు హంగరీతో ఆడి 2-1తో ఓడారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న హంగరీయే, యూరో కప్పు మొదటి ఆట ఆడిన దేశం. ఆ జట్టులో ఉన్న ఫ్లోరియన్ ఆల్బర్ట్‌ను 1967లో యూరపుకంతటికీ మేటి ఆటగాడిగా ఎంచుకున్నారు. అలాంటి జట్టుమీద మన గోలు కొట్టింది తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకు రావడానికి దూరమని వాడు వెనకాడితే సైకిలు అద్దె డబ్బులు రహీం సాబు తన జేబులోంచి ఇచ్చాడు. మూడో ఆటలో పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడు ఆ ఒక్క గోలు కూడా బలరాందే. హంగరీ కంచు పట్టుకుపోయింది. బంగారం ఎవరిదనుకున్నారు? యుగోస్లావియాది. పారిస్ ఫైనల్లో గోలు కొట్టిన గాలిచే రోమ్ ఫైనల్లోనూ గోలు కొట్టాడు.

ఒక్కమాట నిజాయితీగా చెప్పాలి. రోమ్‌కు ఫ్రాన్సు పంపింది తన అసలు జట్టును కాదు. అప్పట్లో ఒలింపిక్స్‌లో డబ్బు తీసుకుని ఆడేవాళ్ళకు చోటు లేదు. జూలైలో యుగోస్లావియాకు నాలుగు గోళ్ళు కొట్టిన ఫ్రాన్సు వేరు, ఆగస్టులో మనతో సమం చేసుకున్న ఫ్రాన్సు వేరు. మా మనవడు ఫోను తెరిచి ఈ సంగతి నాకంటే ముందే కనిపెట్టి, "చూశావా, బీ టీమే" అన్నాడు. సరే. కాని హంగరీ, యుగోస్లావియా లాంటి దేశాలకు ఆ తేడా అంతగా లేదు. అక్కడ ఆటగాళ్ళంతా కాగితం మీద ఫ్యాక్టరీ కార్మికులో సైనికులో. కాబట్టి ఒలింపిక్స్‌కూ యూరో కప్పుకూ వచ్చేది చాలావరకు వాళ్ళే. అందుకే నా గజంబద్ద యుగోస్లావియా అన్నాను గాని ఫ్రాన్సు అనలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రహీం సాబు జట్టు బంగారం తెచ్చింది. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన పోయాడు. ఆ ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం ఆట మానాల్సివచ్చింది. ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రాష్ట్రం పేరుతో అదే చివరి వెలుగు. రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడిందే లేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు పల్నాట మాకేం తెలుసు? ఏమీ తెలియదు. 1960లో నాకు ఏడేళ్ళు. మా ఊరికి పేపరు వచ్చేది కాదు. పెద్దవాళ్ళ మాటలన్నీ నందికొండ దగ్గర కడుతున్న డ్యాం గురించి, కాలవ ఏ పొలం మీదుగా పోతుందన్న దాని గురించి. 1967 ఆగస్టులో సాగర్ కాలవకు నీళ్ళు వదిలారు. మాకు ఆటలంటే చెడుగుడు, కోతికొమ్మచ్చి, తిరునాళ్ళలో ఎడ్లు బండలాగే పందాలు, సంక్రాంతికి కోళ్ళు. బంతి మొదటిసారి చూసింది ఆరో తరగతిలో, హైస్కూలుకు వచ్చాక. అవతలి ఒడ్డున అంత కథ నడిస్తే కృష్ణమీద వంతెనలు, డ్యాములు కట్టుకున్నాం గాని ఆ ఆటను ఇవతలికి దాటించుకోలేకపోయాం. దీనికి ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. మా డ్రిల్లు మేష్టర్లం కూడా తక్కువవాళ్ళం కాదు. పీరియడ్లో పిల్లలకు బంతి పారేసి చెట్టుకింద కూర్చున్న రోజులు నాకూ ఉన్నాయి.

అయినా యూరో కప్పును నేను పల్నాటికి దాటించాలని చూశాను, మాటలతో. దోమలగూడలో ఉండగా 1976 జూన్ చివర ఇంగ్లీషు పేపర్లో చిన్న వార్త చదివాను. బెల్‌గ్రేడ్‌లో ఫైనల్. చెకొస్లొవేకియా, పశ్చిమ జర్మనీ 2-2తో సమంగా నిలిస్తే పెనాల్టీలతో తేల్చారు. జర్మనీ హోనెస్ బంతిని పైకి లేపేశాడు. ఆఖరి తన్ను చెక్ ఆటగాడు ఆంతొనిన్ పనెంకాది. గట్టిగా కొడతాడనుకుని గోల్‌కీపర్ సెప్ మాయర్ పక్కకు దూకాడు. పనెంకా బంతి కింద వేలిమొనతో గోకినట్టు మెల్లగా లేపి, నడిమధ్యన వేశాడు. ఆ కథ నేను మాచర్ల దగ్గర ఒక బడిలో పిల్లలకు అభినయించి మరీ చెప్పాను. తప్పు చేశాను. ఆ ఏడు తాలూకా పోటీల్లో గెలవాల్సిన ఆటలో ఆఖరి పెనాల్టీ మావాడికి దొరికింది. వాడు పనెంకా అయ్యాడు. ఎదుటి గోల్‌కీపర్ మాత్రం సెప్ మాయర్ కాలేదు, ఎటు దూకాలో తెలియక నిలబడ్డచోటే నిలబడ్డాడు. బంతి వెళ్ళి వాడి పొట్టకు తగిలింది. పిల్లవాడి తండ్రి మైదానంలోకి వచ్చి, "ఆడికి ఆ ఎదవ తన్ను నేర్పిందెవురు?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

ఇంకోసారి రెండూళ్ళ బళ్ళ మధ్య ఆట. గోలుకు సరుగుడు బొంగులు పాతి పైన తాడు కట్టాం. బంతి తాడుమీదుగా పోయిందా, కిందుగా పోయిందా అని తగువు. పావుగంటలో రెండు ఊళ్ళనుంచీ మనుషులు వచ్చేశారు, కొందరి చేతుల్లో కర్రలున్నాయి. కారెంపూడికి కూతవేటు దూరంలో ఉన్నాం. ఆట తగువు ఎక్కడికి పోగలదో ఆ నేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రూపాయి బిళ్ళ తీసి, బొమ్మ పడితే గోలు, బొరుసు పడితే కాదు అన్నాను. నమ్మండి, అందరూ ఒప్పుకున్నారు. నామీద నాకే సిగ్గేసింది, ఇదేం తీర్పు అని. తర్వాత తెలిసింది, 1968 యూరో కప్పులో నేపుల్స్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ 0-0తో ఆగిపోతే సెమీఫైనల్‌ను సాక్షాత్తూ బిళ్ళ ఎగరేసే తేల్చారని. ఇటలీ కెప్టెన్ ఫచ్చెత్తి గెలిచాడు. ఫైనల్లో ఇటలీకి ఎదురుపడింది మళ్ళీ యుగోస్లావియా. మొదట 1-1, రెండోసారి ఆడించి 2-0, కప్పు ఇటలీది. పెనాల్టీలు వచ్చింది ఆ తర్వాతే. రెండోసారి ఓడిన యుగోస్లావియాకు కప్పు ఎన్నడూ దక్కలేదు.

కారెంపూడి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పల్నాటి వీరుల కథ మావాళ్ళు ఏటా కార్తీకంలో ఐదురోజులు నాగులేరు ఒడ్డున తలుచుకుంటారు. అందులో ఒకరోజు పేరే కోడిపోరు. పందెంలో ఓడినందుకు బ్రహ్మనాయుడూ మాచర్ల మలిదేవరాజూ ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. కోడి ఓడితే మనుషులు అడవికి పోవడమేమిటని చిన్నప్పుడు మా అమ్మను అడిగాను. "పెద్దోళ్ళ పందేలంతే" అంది. 1992లో ఆ మాట గుర్తొచ్చింది. యుగోస్లావియా ముక్కలవుతోంది, యుద్ధం జరుగుతోంది. యూరో కప్పుకు అర్హత సాధించిన జట్టు అప్పటికే స్వీడన్ చేరింది. మే 30న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించడంతో, ఆటలు ఇక పదిరోజులున్నాయనగా జట్టును వెళ్ళగొట్టారు. పందెం కాసింది ఎవరో, అడవి దారి పట్టింది ఆటగాళ్ళు. వాళ్ళ బృందంలో రెండో స్థానంలో ఉన్న డెన్మార్కును హడావుడిగా పిలిచారు. పిలిస్తే వచ్చిన డెన్మార్కు జూన్ 26న ఫైనల్లో జర్మనీని 2-0తో కొట్టి కప్పు పట్టుకుపోయింది. జనం డెన్మార్కును మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కాని స్వీడన్ నుంచి విమానమెక్కిన ఆ జట్టును తలుచుకోకుండా ఆ కప్పు కథ చెప్పడం నాకు చేతకాదు.

ఆ తర్వాతి కప్పులు కేబుల్ టీవీ ఉన్న అందరికీ తెలిసినవే. నాలుగు జట్ల కప్పు 1980లో ఎనిమిదికి, 1996లో పదహారుకు, 2016లో ఇరవైనాలుగుకు పెరిగింది. నాకు బాగా నచ్చింది 2004. ఒట్టో రెహాగెల్ అనే ముసలి జర్మన్ కోచ్, ఎవరూ లెక్కలోకి తీసుకోని గ్రీసును పట్టుకుని లిస్బన్‌లో పోర్చుగల్‌ను వాళ్ళ ఇంట్లోనే 1-0తో ఓడించాడు. చూడ్డానికి అందమైన ఆట కాదు, గోడ కట్టినట్టు ఆడారు. అందం లేదని పెదవి విరిచినవాళ్ళతో నేను వాదించేవాణ్ణి. బంతి ఒకటే ఉన్న బడి మేష్టారుకు గ్రీసు మీద ప్రేమ ఉండదా?

బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయాడు. 2024లో రహీం సాబు మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. నరసరావుపేటలో మా మనవడికి తెలిసిన ఒక్క కుర్రాడూ చూడలేదు. నేను చూశాను. సినిమా బాగోగులు నన్నడగొద్దు, బంతి కనిపించినప్పుడల్లా కళ్ళు మసకబారాయి.

ఆఖరుగా నా గజంబద్ద దగ్గరికి వస్తాను. మనకు నాలుగు గోళ్ళు కొట్టిన బ్రాంకో జెబెత్స్ పుట్టిన ఊరు జాగ్రెబ్. అది ఇప్పుడు క్రొయేషియా రాజధాని. ఆ హెల్సింకి ఆట జరిగిన డెబ్బై ఏళ్ళకు, 2022లో, నిజామాబాద్ జిల్లాలో పుట్టిపెరిగిన గుగులోతు సౌమ్య ఆ ఊరి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది.